సీటు వచ్చింది, వీసా వచ్చింది... మరి ఇల్లెక్కడ?

పిల్లవాడికి విదేశంలో సీటు వచ్చిందనగానే ఇంట్లో ముందుగా లెక్కకు వచ్చేది ఫీజు. ఆ తర్వాత బ్యాంకు రుణం, దానికి పెట్టాల్సిన తాకట్టు, విమానం టిక్కెట్టు, ఉన్ని కోట్లు, అమ్మీ కట్టి ఇచ్చే పచ్చడి సీసాలు. అక్కడ దిగిన రాత్రి పిల్లవాడు ఎక్కడ పడుకుంటాడన్న ప్రశ్న అన్నిటికన్నా చివరికి మిగిలిపోతుంది. చాలా ఇళ్ళలో అసలు తలెత్తదు. 'అక్కడ మనవాళ్ళు ఉన్నారులే, వాళ్ళే చూసుకుంటారు' అన్న ఒక్క మాటతో ఆ సంగతి తెమిలిపోతుంది.

ఐరాల అనగానే బయటివారికి ఆ మండలంలోని కాణిపాకం గుర్తుకు వస్తుంది. స్థానికులకైతే మామిడి తోటలు, బెల్లం, చిత్తూరు బస్సు గుర్తుకు వస్తాయి. ఇంట్లో దక్కనీ ఉర్దూలో 'కిరాయా' అనీ, బయట తెలుగులో 'బాడుగ' అనీ అలవాటుగా మాట్లాడే మన కుటుంబాలకు ఇంటి బాడుగ కొత్త విషయమేమీ కాదు. చిత్తూరులోనో తిరుపతిలోనో పిల్లల్ని కాలేజీలో చేర్చినప్పుడు గది వెతికినవాళ్ళే అందరూ. తెలిసిన ఆటోడ్రైవరు ఒక వీధి చెబుతాడు, మస్జిదు దగ్గర ఎవరో ఇంకొక ఇల్లు చెబుతారు. యజమానితో నాలుగు మాటలు మాట్లాడి, అడ్వాన్సు చేతిలో పెడితే తాళంచెవి వస్తుంది. కాగితం ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఇదే పద్ధతి సముద్రం దాటాక కూడా నడుస్తుందనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

మన ప్రాంతపు పెద్దలకు విదేశం అంటే గల్ఫే. చిత్తూరు, మదనపల్లె, రాయచోటి, కడప నుంచి కువైట్‌కూ సౌదీకీ వెళ్ళి వచ్చినవారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వారు చూసిన విదేశంలో బస సంగతి సాధారణంగా కంపెనీయో కఫీలో చూసుకునేవారు. క్యాంపు కావచ్చు, ఒక గదిలో ఎనిమిది మంచాలు కావచ్చు, మంచిదో చెడ్డదో ఒక పైకప్పు ముందే సిద్ధంగా ఉండేది. చదువుకోవడానికి లండన్‌కో, బెర్లిన్‌కో, డాలస్‌కో వెళ్ళే కుర్రవాడికి కఫీలు లేడు. కాలేజీ సీటు ఇస్తుంది, ప్రభుత్వం వీసా ఇస్తుంది. ఇల్లు మాత్రం తానే వెతుక్కోవాలి. గల్ఫులో ఇరవై ఏళ్ళు గడిపి వచ్చిన మామూ సలహా కూడా ఇక్కడ పెద్దగా పనికిరాదు.

విదేశంలో విద్యార్థికి బస దొరకని బాధ కొత్తదేమీ కాదు. చిత్తూరు పక్కనున్న కట్టమంచి నుంచి రామలింగారెడ్డిగారు 1900ల తొలి సంవత్సరాల్లో కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్ళారు. ఆ రోజుల్లో కేంబ్రిడ్జి విద్యార్థులు కాలేజీ గదుల్లో గానీ, విశ్వవిద్యాలయం అనుమతి ఉన్న లాడ్జింగుల్లో గానీ ఉండాలన్న నియమం ఉండేది గనుక బస సంగతి కాలేజీ చూసేది. లండన్‌కు వెళ్ళిన భారతీయ విద్యార్థులకు ఆ అండ లేదు. ఒంటి రంగు చూసి తలుపులు మూసే ఇళ్ళు ఎన్నో. శ్యామ్‌జీ కృష్ణవర్మ 1905లో హైగేట్‌లో తెరిచిన ఇండియా హౌస్ స్వాతంత్ర్య విప్లవకారుల స్థావరంగా చరిత్రకెక్కిందే గానీ, అది మొదట భారతీయ విద్యార్థుల హాస్టలు. 1920లో వై.ఎం.సి.ఎ. వారు భారతీయ విద్యార్థుల కోసం లండన్‌లో మరో హాస్టలు తెరిచారు. వందేళ్ళ క్రితం సంస్థలు పూనుకుని తీర్చిన అవసరాన్ని ఈ రోజు ఒక్కొక్క కుటుంబం ఒంటరిగా తీర్చుకోవలసి వస్తోంది.

చూపుడు డబ్బు, బాడుగ డబ్బు

ముందుగా డబ్బు సంగతి. బ్రిటన్ విద్యార్థి వీసాకు మొదటి ఏడాది ఫీజుతో పాటు, గరిష్ఠంగా తొమ్మిది నెలల జీవన వ్యయం బ్యాంకు ఖాతాలో వరుసగా 28 రోజులు ఉన్నట్టు చూపాలి. ఆ సొమ్ము లేని కుటుంబాలు ఏం చేస్తున్నాయో అందరికీ తెలుసు. బంధువుల దగ్గరో, వడ్డీకి ఇచ్చేవాడి దగ్గరో నెలరోజులకు తెచ్చి ఖాతాలో వేస్తారు. వీసా రాగానే తిరిగి ఇచ్చేస్తారు. కాగితం మీద పిల్లవాడికి తొమ్మిది నెలల తిండీ బసా ఉన్నట్టే. జేబులో మాత్రం మొదటి నెల బాడుగ కూడా ఉండదు. ఆ డబ్బును వీసా అధికారికి చూపించే కాగితంగా మాత్రమే చూసినందువల్ల, అది నిజంగా కావలసి వచ్చే రోజు దిగిన వారంలోనే వస్తుందని ఎవరూ గమనించరు. వడ్డీ విషయంలో ధర్మం ఏమిటన్నది ఉలమా చెప్పవలసిన మాట. లోకవ్యవహారంగా చూసినా ఈ పద్ధతి పిల్లవాణ్ణి వట్టి చేతులతో విమానం ఎక్కించడమే.

జర్మనీ ఈ సందు మూసేసింది. అక్కడికి వెళ్ళే విద్యార్థి తన పేర తెరిచిన ప్రత్యేక ఖాతాలో ఏడాదికి సరిపడా సొమ్ము ముందే వేసి ఉంచాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే తీసుకోనిస్తారు. ఇది మంచి ఏర్పాటే. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. మొదటి నెలలో బాడుగ, దానిపైన అడ్వాన్సు, పరుపు, వంటపాత్రలు అన్నీ కలిస్తే 992 దాటిపోతాయి. ఖాతాలో వేల యూరోలు ఉండి కూడా అవి చేతికి రావు. అందువల్ల ఈ ఖాతాకు అదనంగా మొదటి నెల ఖర్చు విడిగా ఉండాలి. ఈ సంగతి ఇక్కడి ఏజెంట్లు చెప్పడం తక్కువ.

బ్రిటన్‌లో యజమాని ఏమడుగుతాడు?

మన పిల్లలు ఎక్కువగా వెళ్ళే దేశాల్లో బ్రిటన్ ఒకటి గనుక దాని సంగతి కొంచెం వివరంగా చూద్దాం. అక్కడ బాడుగను చాలాచోట్ల వారానికి ఇంత అని చెబుతారు. మనవాళ్ళు దాన్ని నాలుగుతో హెచ్చవేసి నెల లెక్క తీస్తారు. అది తప్పు. ఏడాదికి 52 వారాలు. వారానికి 150 పౌన్ల గది అంటే నెలకు 600 కాదు, 650 పౌన్లు. పౌనుకు వంద రూపాయలే అనుకున్నా నెలకు అయిదువేల రూపాయల తేడా, ఏడాదికి అరవైవేలు. ఐరాలలో కూర్చుని లెక్క వేసే తండ్రికి అరవైవేలు చిన్న మొత్తం కాదు.

ఇక అడ్వాన్సు. ఇంగ్లండులో 2019 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఏడాది బాడుగ 50,000 పౌన్లకు లోపు ఉన్న ఇంటికి అయిదు వారాల బాడుగకు మించి డిపాజిట్టు అడగకూడదు. పై లెక్కన చూస్తే 750 పౌన్లు. 'గది మీకే అట్టిపెడతాను' అంటూ ముందుగా తీసుకునే సొమ్ము ఒక వారం బాడుగకు మించరాదు. ఇల్లు చూపించినందుకు, కాగితాలు రాసినందుకు విడిగా రుసుములు వసూలు చేయడం కూడా ఆ చట్టంతో నిషిద్ధమైంది. ఇంటిని ఆ రోజుల్లో వాడుకలో ఉన్న మామూలు ప్రైవేటు కరారు మీద తీసుకుంటే, డిపాజిట్టును యజమాని తన జేబులో వేసుకోవడానికి వీల్లేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న మూడు సంస్థల్లో ఒకదానిలో 30 రోజుల్లోగా నమోదు చేసి, ఆ వివరాలు అద్దెదారుకు ఇవ్వాలి. ఈ ఏర్పాటు 2007 ఏప్రిల్ నుంచి ఉంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తగాదా వస్తే ఆ సంస్థే ఉచితంగా తీర్పు చెబుతుంది. యజమాని ఉంటున్న ఇంట్లోనే ఒక గది తీసుకున్నవారికి మాత్రం ఈ రక్షణ వర్తించదు. ఈ తేడా తెలియక నష్టపోయినవారు ఉన్నారు.

అన్నిటికన్నా పెద్ద గండం జామీను. కుర్రవాడు బాడుగ ఎగ్గొడితే తాను కడతానని, బ్రిటన్‌లో స్థిరంగా సంపాదిస్తున్న మనిషి ఒకరు సంతకం చేయాలని యజమానులు అడుగుతారు. చిత్తూరులోని నాన్న సంతకం అక్కడ చెల్లదు. జామీను లేనివాణ్ణి ఆరు నెలల బాడుగ, ఒక్కోసారి ఏడాది బాడుగ ఒకేసారి కట్టమనడం ఏళ్ళ తరబడి రివాజుగా సాగింది. 2025 అక్టోబరు 27న రాజామోదం పొందిన అద్దెదారుల హక్కుల చట్టం దీనికి కళ్ళెం వేసింది. దాని ప్రకారం 2026 మే 1 తర్వాత ఇంగ్లండులో ప్రైవేటు ఇళ్ళ యజమానులు కొత్త కరారుకు ఒక నెల బాడుగకు మించి ముందస్తుగా అడగకూడదు. డిపాజిట్టు, జామీను అడగడం మాత్రం ఆగలేదు. విద్యార్థుల కోసమే కట్టి, గుర్తింపు పొందిన నియమావళికి లోబడి నడిచే పెద్ద బసలకు ఈ పరిమితి వర్తించదు. అందుచేత జామీను సంగతి ముందే ఆలోచించుకోవాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థికి తామే జామీనుగా నిలుస్తాయి. రుసుము తీసుకుని జామీను ఉండే కంపెనీలూ ఉన్నాయి. విశ్వవిద్యాలయాన్ని ఉత్తరం రాసి అడగడానికి పైసా ఖర్చు లేదు గనుక మొదట అదే చేయాలి. ఇరుగుపొరుగు బంధువును జామీను అడిగేముందు, ఆయన నెత్తిన ఎంత బరువు పెడుతున్నామో కూడా ఆలోచించడం మర్యాద.

ఇంగ్లండులో ఇల్లిచ్చే యజమాని, ఆ మనిషికి దేశంలో ఉండే అనుమతి ఉందో లేదో చూడాలన్న నియమం 2016 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అమలవుతోంది. ఇప్పుడు వీసా అంతా కంప్యూటర్లోనే ఉంటుంది గనుక విద్యార్థి ఒక షేర్ కోడ్ తీసి యజమానికి ఇస్తే చాలు. పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకుంటానంటే ఒప్పుకోవలసిన పని లేదు. గల్ఫులో పాస్‌పోర్టు కఫీలు బీరువాలో ఉండిపోయిన రోజులు చూసిన పెద్దలు ఈ మాటను పిల్లలకు గట్టిగా చెప్పవచ్చు.

ఇంకొక చిన్న సంగతి. ఇంట్లో ఉన్నవారంతా పూర్తికాలపు విద్యార్థులే అయితే అక్కడి స్థానిక పన్ను, అంటే కౌన్సిల్ ట్యాక్సు, పడదు. చదువు ముగించి ఉద్యోగంలో చేరినవాడు ఒకడు అదే ఇంట్లో ఉంటే పన్ను బిల్లు వస్తుంది. ఎవరు కట్టాలన్నది ముందు మాట్లాడుకోని ఇళ్ళలో స్నేహాలు చెడిపోతున్నాయి.

ఒక గదిలో ఆరుగురు

బాడుగ మిగుల్చుకోవడానికి మనవాళ్ళు ఎంచుకునే దారి ఇరుకు. ఇద్దరుండే గదిలో ఆరుగురు చేరతారు. పగలు పనికి పోయేవాడి పరుపు మీద రాత్రి పనికి పోయేవాడు పడుకుంటాడు. గల్ఫులో నాన్నలు ఇలాగే బతికారు, మనమెందుకు బతకలేమన్న ధైర్యం. ఇందులో పొదుపు ఉన్నమాట నిజం. ప్రాణభయం ఉన్నమాట కూడా నిజం.

తూర్పు లండన్‌లో ముస్లింలు ఎక్కువగా నివసించే టవర్ హామ్లెట్స్ ప్రాంతంలో షాడ్వెల్ అనే పేట ఉంది. 2023 మార్చి 5 తెల్లవారుజామున అక్కడ ఒక ఫ్లాటులో మంటలు లేచాయి. చిన్న కుటుంబానికి సరిపోయే ఆ ఫ్లాటులో పదిమందికి పైగా మగవాళ్ళు, బంకు మంచాల మీద సర్దుకుని ఉంటున్నారు. వారిలో విద్యార్థులు, ఆహార పొట్లాలు ఇంటింటికీ అందించేవాళ్ళు ఉన్నారు. బంగ్లాదేశ్ నుంచి అప్పుడే కొత్తగా వచ్చిన ఒక వ్యక్తి, ఇద్దరు బిడ్డల తండ్రి, ఆ మంటల్లో ప్రాణం కోల్పోయాడు. నిప్పు పుట్టింది విద్యుత్ సైకిలు బ్యాటరీ నుంచి. అంతమందిని కుక్కినందుకు ఫ్లాటు యజమానులపై కేసు నడిచి, జరిమానా పడింది. ఈ వార్త మన పత్రికల్లో పెద్దగా రాలేదు. కానీ ఆ ఫ్లాటులో బతికి బయటపడ్డవారి స్థితికీ, ఐరాల నుంచి వెళ్ళిన కుర్రవాడి స్థితికీ దూరం చాలా తక్కువ. వాడు కూడా సాయంత్రాల్లో అదే సైకిలు తొక్కే అవకాశం ఉంది, రాత్రికి అదే బ్యాటరీని తలాపున పెట్టి చార్జింగు చేసే అవకాశం ఉంది.

ఇంగ్లండులో రెండు, అంతకు మించిన కుటుంబాలకు చెందిన అయిదుగురు, ఆపైన మనుషులు వంటిల్లూ స్నానాల గదీ పంచుకుని ఉండే ఇంటికి స్థానిక కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. 2018 అక్టోబరు నుంచి ఇంటికి ఎన్ని అంతస్తులున్నా ఇదే నియమం. లైసెన్సు ఉందా అని అడగడం తప్పేమీ కాదు. యజమాని మొహం మాడ్చుకుంటే ఆ ఇంటి సంగతి తెలిసిపోయినట్టే. తల్లిదండ్రులు ఫోనులో 'తిన్నావా' అని అడిగినట్టే, 'ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, పొగ వస్తే మోగే గంట పనిచేస్తోందా, బయటికి పోయే దారికి అడ్డంగా సైకిళ్ళు పెట్టారా' అని కూడా అడగాలి. ఆ గంటతో మనవాళ్ళకు ఇంకో తంటా ఉంది. ఎండుమిర్చి తాలింపు పెట్టగానే అది గోల చేస్తుంది. కుర్రాళ్ళు దాని మీద ప్లాస్టిక్ సంచి కట్టేసి వంట కానిస్తారు, తర్వాత తీయడం మరిచిపోతారు. కిటికీ తెరిచి తాలింపు వేసుకోమని చెప్పడం అమ్మీల పని.

జర్మనీలో, అమెరికాలో

జర్మనీలో బాడుగ రెండు రకాలు. 'చల్ల బాడుగ' అంటే ఇంటికి మాత్రమే. 'వెచ్చ బాడుగ' అంటే వేడి చేసే ఖర్చు, నీళ్ళు, చెత్త వగైరా కలిపినది. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది సాధారణంగా చల్లదే. అడ్వాన్సు మూడు నెలల చల్ల బాడుగకు మించకూడదని అక్కడి పౌరస్మృతి చెబుతోంది. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెదారుకు ఉంది. చల్ల బాడుగ 350 యూరోలైతే అడ్వాన్సు 1,050 దాకా, వాయిదాకు 350. ఈ హక్కు సంగతి తెలియక అంతా ఒకేసారి కట్టేవారే ఎక్కువ.

అక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. ఈ నిబంధన 2015 నవంబరు 1 నుంచి ఉంది. చిరునామా నమోదు లేకుండా అక్కడ ముందుకు సాగే పని దాదాపు ఏదీ లేదు. 'గది ఇస్తాను గానీ ఆ కాగితం ఇవ్వను' అనేవారు తగులుతారు, మనవారిలోనూ ఉన్నారు. అలాంటి గది ఎంత చవకైనా వద్దు. విద్యార్థి సేవా సంఘాలు నడిపే హాస్టళ్ళు అన్నిటికన్నా చవక. కానీ చాలా ఊళ్ళలో వాటికి నెలల తరబడి నిరీక్షణ ఉంటుంది గనుక సీటు ఉత్తరం అందిన రోజే దరఖాస్తు పెట్టాలి.

అమెరికాలో చిక్కు వేరు. అక్కడ మనిషి పాత అప్పులు ఎలా తీర్చాడన్న లెక్క చూసి ఇల్లిస్తారు. కొత్తగా వచ్చిన విద్యార్థికి ఆ చరిత్రే ఉండదు. అప్పు చేయనివాడు మంచివాడని మన ఇళ్ళలో నేర్పుతాం. అక్కడ అదే అనుమానానికి కారణం కావడం విచిత్రం. తెలుగు కుర్రవాళ్ళు నలుగురు కలిసి ఒక అపార్టుమెంటు తీసుకోవడం అందుకే పరిపాటి అయింది. నలుగురూ ఒకే కరారు మీద సంతకం చేస్తే సాధారణంగా నలుగురూ కలిసీ, విడివిడిగానూ మొత్తం బాడుగకు బాధ్యులవుతారు. ఒకడు ఉద్యోగం దొరికి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతే, మిగిలిన ముగ్గురి నుంచి మొత్తం వసూలు చేసే హక్కు యజమానికి ఉంటుంది. 'మన మధ్య కాగితాలెందుకు భాయ్' అనుకున్న స్నేహితులు ఇక్కడే విడిపోతున్నారు. అప్పు లావాదేవీలను రాసి ఉంచుకోమని, సాక్షులను పెట్టుకోమని చెప్పే బఖరా సూరా 282వ ఆయతు ఖుర్ఆన్ మొత్తంలో అతి పొడవైన ఆయతు. నమాజులో ఒకరి పక్కన ఒకరు నిలబడే నలుగురు కుర్రవాళ్ళు తమ మధ్య ఒక పేజీ ఒప్పందం రాసుకుంటే అందులో అవమానమేముంది? ఎవరి వాటా ఎంత, మధ్యలో పోయేవాడు తన బదులు మనిషిని చూపించాలా వద్దా, డిపాజిట్టు తిరిగొస్తే ఎలా పంచుకోవాలి అన్న మూడు సంగతులు రాసుకుంటే చాలు.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, ఐర్లండులో 2021 ఆగస్టు నుంచి డిపాజిట్టూ ముందస్తు బాడుగా కలిపి రెండు నెలల బాడుగకు మించకూడదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఉన్న రాష్ట్రంలో డిపాజిట్టు నాలుగు వారాల బాడుగ దాకా, అది ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది. కెనడాలోని ఒంటారియోలో చివరి నెల బాడుగ తప్ప వేరే డిపాజిట్టు అడగరాదు.

తాళంచెవి పోస్టులో వస్తుందట!

మోసాలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ఇల్లు అందంగా ఉంటుంది, బాడుగ చుట్టుపక్కల వాటికన్నా తక్కువ. యజమాని మాత్రం ఎప్పుడూ ఊళ్ళో ఉండడు. ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నాననీ, డబ్బు పంపితే తాళంచెవి పోస్టులో పంపిస్తాననీ అంటాడు. ఇంకా ఇద్దరు అడుగుతున్నారు, సాయంత్రంలోగా తేల్చమంటాడు. ఇల్లు కళ్ళతో చూడకుండా, చూసే నమ్మకమైన మనిషి లేకుండా డబ్బు పంపకూడదన్న ఒక్క నియమం పాటిస్తే వీటిలో చాలామటుకు దగ్గరికి రావు. ఇంగ్లండులో కొద్దిపాటి రుసుము కట్టి భూమి రిజిస్ట్రీలో ఇల్లు ఎవరి పేర ఉందో చూడవచ్చు. విశ్వవిద్యాలయం బస విభాగాన్ని ఆ చిరునామా గురించి అడగవచ్చు.

మోసగాడు ఎప్పుడూ పరాయివాడే అనుకోనక్కరలేదు. తెలుగులో మాట్లాడి, సలాము చెప్పి, 'మీది చిత్తూరా, మాది పీలేరు' అంటూ దగ్గరై, తాను బాడుగకు తీసుకున్న ఇంట్లోని మంచాలను యజమానికి తెలియకుండా కుర్రవాళ్ళకు అమ్ముకునేవారు ఉన్నారు. నగదు తప్ప తీసుకోరు, రసీదు ఇవ్వరు. యజమానికి తెలిసిన రోజున అందరూ రోడ్డు మీద పడతారు. సలాముకు జవాబివ్వాలి, రసీదు కూడా అడగాలి.

ఇక్కడి నుంచే ఏడాది బాడుగకు ఇల్లు కుదుర్చుకోవడం కన్నా, మొదటి రెండు మూడు వారాలకు విశ్వవిద్యాలయం గదో, నమ్మకమైన హాస్టలో తీసుకుని, అక్కడికి వెళ్ళాక కాళ్ళతో తిరిగి వెతుక్కోవడం మేలని మా అభిప్రాయం. ఖర్చు కొంత ఎక్కువే. చూడని ఇంటికి ఏడాది పాటు కట్టుబడటం అంతకన్నా ఎక్కువ ఖర్చు. ఈ వారాల్లో ముస్లిం విద్యార్థి సంఘాలు ఎంతో ఉపయోగపడతాయి. బ్రిటన్‌లోని ముస్లిం విద్యార్థి సంఘాల సమాఖ్య, అమెరికాలోని ముస్లిం విద్యార్థి సంఘం రెండూ 1963లోనే పుట్టాయి. వాటి శాఖలు ఎన్నో విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. మొదటి జుమాకు వెళ్ళి నలుగురిని పలకరించినవాడికి తెలిసే గదుల సంగతి ఎన్ని ప్రకటనలు చూసినా తెలియదు.

పొత్తు వంటిల్లు ఉన్న ఇంట్లో పంది మాంసం వండిన పెనం మీదే మన రొట్టె కాల్చుకోవలసి వస్తుందేమోనన్న భయం చాలామంది తల్లులకు ఉంటుంది. ఒక పెనం, రెండు గిన్నెలు, ఒక గరిటె విడిగా కొనుక్కుని తన గదిలో పెట్టుకుంటే ఆ భయం తీరుతుంది. తోటివారికి మొదటి రోజే మర్యాదగా చెబితే నవ్వేవాళ్ళు తక్కువ, గౌరవించేవాళ్ళే ఎక్కువ. ఐరాలలో పడమటికి తిరిగి నమాజు చేసిన పిల్లవాడు లండన్‌లో ఆగ్నేయానికి, న్యూజెర్సీలో ఈశాన్యానికి తిరగాలి. జూన్ నెలలో లండన్‌లో మగ్రిబే రాత్రి తొమ్మిది దాటాక వస్తుంది, ఫజరు తెల్లవారక చాలా ముందే. పలచటి గోడల ఇంట్లో ఆ వేళ అలారం మోగితే పక్కగదివాడు విసుక్కుంటాడు. దిండు కింద ఫోను పెట్టుకుని మోగించకుండా కదిలేలా చేసుకోవడం కుర్రవాళ్ళు తామే కనిపెట్టిన ఉపాయం.

ఆడపిల్లను పంపేటప్పుడు ఇంట్లో జరిగే చర్చంతా పంపాలా వద్దా అన్నదాని చుట్టూ తిరిగి, పంపాలని తేలాక బస గురించి మాట్లాడే ఓపిక ఎవరికీ మిగలదు. నిజానికి అప్పుడే మాట్లాడాలి. చాలా విశ్వవిద్యాలయాల హాస్టళ్ళలో ఆడపిల్లలకే ప్రత్యేకించిన ఫ్లాట్లు ఉంటాయి. అడిగినవారికే ఇస్తారు, దరఖాస్తులో ఆ గడి నింపాలి. యజమాని ఉండే ఇంట్లో గది తీసుకుంటే గదికి లోపలి గడియ ఉందా, స్నానాల గది ఎవరితో పంచుకోవాలి, బస్సు దిగి ఎంత దూరం నడవాలి అన్నవి బాడుగ కన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు.

మన ఇల్లు అడగడానికి వచ్చినవాడు

పేరు చెప్పగానే 'ఇల్లు ఇప్పుడే ఇచ్చేశామండీ' అన్న జవాబు వినని ముస్లిం కుటుంబం పట్టణాల్లో అరుదు. సుఖదేవ్ థోరట్ బృందం 2012లో ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో ఇల్లు అడిగి చూసిన అధ్యయనం 2015లో వెలువడింది. అందులో ముస్లిం పేరుతో అడిగినవారిలో సుమారు మూడోవంతుకు నేరుగా తిరస్కారమే ఎదురైంది. అమెరికాలో 1968 నాటి చట్టం, బ్రిటన్‌లో 2010 నాటి చట్టం మతాన్నిబట్టి ఇల్లు నిరాకరించడాన్ని నేరుగా నిషేధించాయి. చిన్నచిన్న మినహాయింపులు ఉన్నాయి గానీ, నిరాకరించినవాడి మీద ఫిర్యాదు చేయడానికి ఒక గుమ్మం ఉంది. మన దేశంలో ప్రైవేటు ఇంటి యజమాని విషయంలో అలాంటి కేంద్ర చట్టం లేదు. విదేశంలో పేరు వల్ల ఇల్లు దక్కలేదని పిల్లవాడికి గట్టి అనుమానం వస్తే, విశ్వవిద్యాలయంలోని విద్యార్థి సలహా కేంద్రానికి వెళ్ళమని చెప్పాలి. ఇక్కడ ఊరుకున్నట్టు అక్కడ ఊరుకోనక్కరలేదు.

ఇదే అద్దాన్ని మనవైపు తిప్పితే మరో ముఖం కనిపిస్తుంది. హైదరాబాదులో ఉస్మానియా, ఇఫ్లూ తదితర విద్యాసంస్థల్లో చదివే యెమెన్, సూడాన్, సోమాలియా విద్యార్థులు ఏళ్ళ తరబడి టోలీచౌకీ, దాని పరిసర కాలనీల్లో బాడుగకు ఉంటున్నారు. అక్కడ యజమానుల్లో మనవాళ్ళే ఎక్కువ. మస్జిదులో ఒకే వరుసలో నిలబడిన కుర్రవాడు మర్నాడు ఇల్లు అడిగితే బాడుగ పెంచి చెప్పేవాళ్ళూ, నల్లగా ఉన్నాడని వెనకాడేవాళ్ళూ ఉన్నారు. తమ ఇంటి తలుపు తెరిచి, రంజాన్‌లో ఇఫ్తారు పంపి, జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకువెళ్ళినవాళ్ళూ ఉన్నారు. రెండూ రాయకపోతే సగమే రాసినట్టవుతుంది.

విదేశీయుడికి ఇల్లిచ్చినవారు ఆ వివరాలను అధికారులకు తెలపాలన్న నియమం సంగతి చాలామంది యజమానులకు తెలియదు. 1946 నాటి విదేశీయుల చట్టం కింద అది 24 గంటల్లో ఇవ్వవలసిన 'ఫారం సి'గా ప్రసిద్ధి. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది, బస ఇచ్చినవారి బాధ్యత అలాగే ఉంది. యజమాని ఆ పని చేయకపోతే విద్యార్థి తన వీసా పనుల్లో ఇబ్బంది పడతాడు. జర్మనీలో మన పిల్లవాడికి సంతకం చేసిన కాగితం ఇవ్వని యజమానిని తిట్టుకునే మనం, ఇక్కడ ఈ కాగితం పెట్టడానికి బద్ధకించడం చూస్తే ఏమనాలి?

ఇల్లు దొరికి, కరారు రాసుకుని, తాళంచెవి చేతికి వచ్చాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. సామాను లోపల పెట్టకముందే ప్రతి గోడకూ, ప్రతి మరకకూ, పొయ్యికీ, పరుపుకూ, కరెంటు మీటరులో ఉన్న అంకెకూ ఫోటోలు తీసి, ఆ రోజే యజమానికి ఈమెయిల్లో పంపాలి. ఇంగ్లండులో డిపాజిట్టు తగాదా వచ్చినప్పుడు నష్టం జరిగిందని నిరూపించే బాధ్యత యజమానిదే. గోడ మీద తేమ మచ్చ మీరు దిగకముందు నుంచీ ఉందని చూపే ఫోటో ఒక్కటి ఉంటే వాదన అక్కడితో ఆగిపోతుంది. ఆ ఫోటోలు, కరారు, డిపాజిట్టు రసీదు, యజమాని చిరునామా, ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు స్నేహితుల ఫోను నంబర్లు ఇంటికి కూడా పంపించమని పిల్లవాడికి చెప్పండి. పిల్లవాడి ఫోను పోయినా, రెండు రోజులు పలకకపోయినా, ఎవరిని అడగాలో ఐరాలలో ఉన్నవారికి తెలిసి ఉంటుంది.